నవ్వినవాళ్ల సంగతేమిటి?

ఒక తరగతి వాట్సాప్ గ్రూపులోకి ఒక పిల్లవాడి ఫొటో వచ్చిందనుకుందాం. దాని కింద ఒక వెక్కిరింపు మాట. పెట్టినవాడు ఒక్కడు. నవ్వు బొమ్మ పెట్టినవాళ్లు పదిమంది. ఇంకో గ్రూపుకు పంపినవాళ్లు ముగ్గురు. చూసి, ఏమీ అనకుండా ఫోను పక్కన పెట్టినవాళ్లు పాతిక మంది. మర్నాడు విషయం బడికి చేరుతుంది. సారు అడిగే మొదటి ప్రశ్న, చాలాసార్లు చివరి ప్రశ్న కూడా, ఒక్కటే: "ఎవడ్రా పెట్టింది?" ఆ ఒక్కడు దొరికితే నాలుగు తిట్లు తిట్టి, సారీ చెప్పించి, పాఠం మొదలుపెడతాం. మిగతా ముప్పై ఎనిమిది మంది ఊపిరి పీల్చుకుంటారు.

ఈ వ్యాసం ఆ ముప్పై ఎనిమిది మంది గురించి. వాళ్లు తప్పు చేసినట్టా, కాదా? చేసినట్టయితే ఎంత? ఎనిమిదేళ్ల పిల్లనో పదేళ్ల పిల్లవాడినో పట్టుకుని "నువ్వెందుకు అడ్డుపడలేదు?" అని అడిగే హక్కు పెద్దవాళ్లకు ఉందా? ఉంటే, దానికి ముందు పెద్దవాళ్లు చేయాల్సిన పని ఏమిటి? మన గూడేల్లో, తండాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పే మిత్రులు ఈ ప్రశ్నల్ని తప్పించుకోలేరు.

చిన్న పిల్లలకు ఫోనెక్కడిది?

మొదట వచ్చే మాట ఇదే. నిజమే, పదమూడేళ్ల లోపు వాళ్లు తమను వాడకూడదని వాట్సాప్ నియమమే చెబుతుంది. కానీ 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు పాఠం ఫోనులోకి, టీవీలోకి వెళ్లింది. సిగ్నల్ కోసం పిల్లలు గుట్టలెక్కారు, చెట్లెక్కారు. బడులు తెరిచాక పాఠం మళ్లీ నల్లబల్ల మీదకు వచ్చింది గానీ ఫోను పిల్లల చేతుల్లోనే ఉండిపోయింది. అది నాన్నది కావచ్చు, అన్నది కావచ్చు. సాయంత్రం దాని చుట్టూ నలుగురు పిల్లలు చేరతారు.

పైగా వేధింపుకు గురి కావాలంటే సొంత ఫోను ఉండాల్సిన అవసరం లేదు. ఎవరో తీసిన ఫొటో ఎవరి స్టేటస్‌లోనో ఉంటే చాలు. ఆ పిల్ల దాన్ని చూడకపోయినా, చూసినవాళ్లంతా మర్నాడు ఆమె వైపు చూసి నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలియదు. ఇది చూసి ఏడవడం కంటే కష్టం.

పాత వెక్కిరింపు, కొత్త వెక్కిరింపు

బడిలో ఏడిపించడం కొత్త కాదు. అయితే పాత వెక్కిరింపుకు ఒక హద్దు ఉండేది. గంట కొట్టాక పిల్లవాడు ఇంటికి పోయేవాడు. ఇంట్లో అమ్మ ఉండేది, కోడిపిల్లలు ఉండేవి, వాగు ఉండేది. అక్కడికి ఆ మాట వచ్చేది కాదు. ఇప్పుడు అది ఇంటికీ వస్తుంది, రాత్రీ వస్తుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు అన్నది నోటి మాట గురించి. ఆ మాట గాలిలో కలిసిపోయేది, తలా ఒక రకంగా మారేది, కొన్నాళ్లకు మరుగున పడేది. ఫోనులో మాట అక్షరం మారకుండా, బొమ్మ చెరగకుండా, ఏడాది తర్వాత కూడా అలాగే పైకి వస్తుంది.

ఇంకో తేడా ఉంది. ఎదురుగా వెక్కిరించేవాడికి ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది. కళ్లలో నీళ్లు తిరగడం చూసి ఎంత మొండివాడైనా ఒక్కోసారి ఆగుతాడు. ఫోనులో ఆ ముఖం కనిపించదు. ఆపే అవకాశం అవతలివాడి కన్నీళ్లకు లేదు కాబట్టి, చూస్తున్నవాళ్ల మాటకే ఉంది. అందుకే పాత వెక్కిరింపులో కంటే ఇందులో ప్రేక్షకుడి బరువు ఎక్కువ.

మన పిల్లల విషయంలో ఇంకొక పొర కూడా ఉంది. మైదానం పిల్లవాడిని లావుగా ఉన్నావనో, నల్లగా ఉన్నావనో ఏడిపిస్తారు. మన పిల్లవాడిని అవి కాక తెగ పేరు పెట్టి, యాస పట్టుకుని, తిండి పట్టుకుని, అమ్మ కట్టుకున్న బట్ట పట్టుకుని ఏడిపిస్తారు. 'ఎరుకలోడు', 'కోయోడు', 'లంబాడోడు' అనే మాటలు పలికే తీరులోనే తిట్లు అయ్యాయి. ఆ తిట్ల వెనుక చరిత్ర ఉంది. 1871లో తెచ్చిన నేరస్త తెగల చట్టం కొన్ని సమూహాలను మొత్తంగా, పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. ఎరుకలవారిని కూడా ఆ జాబితాలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చట్టం పోయింది. మాట పోలేదు. పదేళ్ల పిల్లవాడు గ్రూపులో సరదాగా అనే మాట, వాడికి తెలియకుండానే, ఆ పాత పోలీసు రిజిస్టరులోని మాట.

దండారిలో గుస్సాడి వేషం కట్టిన తండ్రి పక్కన కొడుకు చిందేశాడనుకోండి. ఎవరో దాన్ని రీల్ చేసి, వెనుక సినిమా పాట పెట్టి, 'అడవి మనుషులు' అని రాసి వదిలారు. గుస్సాడి నాట్యానికే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ సంగతి పిల్లవాడికి ఆ క్షణంలో అక్కరకు రాదు. వాడికి కనిపించేది కింద ఉన్న నవ్వు బొమ్మలే. వచ్చే దండారికి వాడు గజ్జె కట్టడు. తల్లిభాషలో మాట్లాడవద్దని ఇంట్లో అమ్మనే కసురుకుంటాడు. ఒక ఆటను, ఒక భాషను నిషేధించడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. పిల్లలు సిగ్గుపడితే చాలు.

సరదాకేగా అన్నవాళ్లకు

"పిల్లలన్నాక ఏదో సరదా, రెండు రోజుల్లో మర్చిపోతారు" అనేవాళ్లున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఉన్నదే ఇందుకు. సరదా అవునో కాదో తేల్చాల్సింది అన్నవాడు కాదు, పడ్డవాడు. ఇద్దరూ నవ్వితే అది పరాచికం. ఒకడే నవ్వితే అది వేధింపు. మన బంధుత్వాల్లో పరాచికానికి చోటు చాలా ఉంది. బావామరదళ్లు, వదినామరుదులు ఒకరినొకరు ఎన్నైనా అనుకుంటారు. కానీ అక్కడ మాట రెండు వైపులా నడుస్తుంది, ఈవేళ అన్నవాడు రేపు పడతాడు. ఈ తేడాను మూడో తరగతి పిల్లలు చక్కగా గ్రహిస్తారు. మనం అడగడమే ఆలస్యం.

"పట్టించుకోకుంటే సరి, వాళ్లే ఊరుకుంటారు" అనేది రెండో సలహా. ఇది పడ్డవాడికి ఇచ్చే సలహా. గాయపడ్డవాడినే ఓర్చుకొమ్మనడం, మిగతా తరగతికి ఏ పనీ చెప్పకపోవడం ఇందులోని అన్యాయం. మన జాతులకు వందేళ్లుగా ఇచ్చిన సలహా కూడా ఇదే కదా!

చూసేవాడి బరువు

1968లో అమెరికాలో లాటనే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక గదిలోకి పొగ వదిలారు. గదిలో ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు కూర్చున్న మరో ఇద్దరి మధ్య ఉన్నప్పుడు నూటికి 10 మందే చెప్పారు. మనుషులు చెడ్డవాళ్లై కాదు, పక్కవాడు కదలలేదు కాబట్టి ఏమీ కాలేదని ప్రతివాడూ అనుకున్నాడు. తరగతి గ్రూపు అలాంటి గదే. పాతిక మంది మౌనం చూసి ఇరవై ఆరోవాడు కూడా మౌనంగా ఉంటాడు. దెబ్బతిన్న పిల్లవాడు మాత్రం ఆ మౌనాన్ని వేరుగా చదువుతాడు: 'అందరూ నన్ను అలాగే అనుకుంటున్నారు.'

ఇంకో అధ్యయనం మనకు ధైర్యమిస్తుంది. కెనడాలో హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ అనే పరిశోధకులు ప్రాథమిక పాఠశాల ఆటస్థలాల్లో పిల్లల్ని గమనించి 2001లో ఫలితాలు ప్రకటించారు. వేధింపు జరిగిన సందర్భాల్లో నూటికి 88 సార్లు తోటి పిల్లలు అక్కడ ఉన్నారు. 19 సార్లు మాత్రమే ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఇది ఆటస్థలం లెక్క, ఫోను లెక్క కాదు. అయినా ఒక విషయం తెలుస్తుంది. వేధించేవాడి బలం చాలావరకు చూసేవాళ్లు ఇచ్చిందే. వాళ్లలో ఒక్కరు దాన్ని వెనక్కి తీసుకున్నా అది కదులుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. నవ్వు బొమ్మ పెట్టడం, ముందుకు పంపడం చేతలే. వేలు కదిపి చేసిన పని కూడా పనే. మౌనం వాటితో సమానమైన తప్పు కాదు, కానీ అది ఎటూ మొగ్గని మౌనం కూడా కాదు. దెబ్బతిన్నవాడి వైపు నుంచి చూస్తే అది బరువే.

గుంపు మంచిదే, ఎప్పుడూ కాదు

మన సమాజాల్లో ఎవరూ ప్రేక్షకులు కారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అందులో నిజముంది. ఒక ఇంటి కప్పు వేయాలంటే ఊరు కదులుతుంది. వేటాడి తెచ్చింది ఊరంతా పంచుకుంటుంది, వేటకు రానివాడి ఇంటికీ వాటా పోతుంది. ఆదిలాబాద్ గోండుల రాయి సెంటర్లలో తగువు ఇద్దరిదైనా కూర్చునేది పెద్దలంతా. మాంసంలో అందరికీ వాటా ఉన్నప్పుడు అవమానంలోనూ అందరికీ వాటా ఉండాలి అని పిల్లలకు చెప్పవచ్చు. వాళ్లకు అర్థమవుతుంది.

కానీ ఇక్కడితో ఆగితే మనల్ని మనం పొగుడుకుని ఇంటికి పోయినట్టే. కలిసి కదిలే ఊరే కలిసి తప్పు కూడా చేస్తుంది. చేతబడి చేసిందని ఒక ముసలమ్మ మీద అనుమానం పుడితే ఏమవుతుందో ఏజెన్సీలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్లో ఐదుగురిని గుంపు కొట్టి చంపింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో తిరిగిన పుకారే అందుకు కారణం. చనిపోయినవాళ్లు నాథపంథీ దావరీ గోసావీ అనే సంచార తెగవాళ్లు, భిక్షాటనకు వచ్చినవాళ్లు. ఆ ఊరు ఉన్నదీ ఆదివాసీ ప్రాంతంలోనే. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. యంత్రానికి హద్దు పెట్టగలిగారు. వేలికి పెట్టాల్సింది మనమే.

మనలో మనం ఒకరినొకరం అన్న మాటలూ ఉన్నాయి. 2017లో ఆదిలాబాద్ ప్రాంతంలో ఆదివాసులకూ లంబాడీలకూ మధ్య వివాదం రేగింది. హక్కుల ప్రశ్న వేరు, దాన్ని పెద్దలు కోర్టుల్లో, సభల్లో తేల్చుకుంటారు. కానీ అలాంటి వివాదాల్లో ఫోనుల్లో తిరిగే మాటల్ని ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు కూడా వింటారు. వాళ్లు ఒకరి కంచంలో ఒకరు తిన్నవాళ్లు. వాళ్ల మధ్యకు ఆ మాటలు వస్తే అడ్డుపడాల్సింది ఎవరు? మన తెగవాడిని బయటివాడు అన్నప్పుడు కోపం రావడం సులువు. మనవాడే పక్క తెగ పిల్లను అన్నప్పుడు "వద్దురా" అనగలగడమే అసలు పరీక్ష. కాబట్టి పిల్లలకు నేర్పాల్సింది గుంపుగా ఉండడం మాత్రమే కాదు. అవసరమైనప్పుడు గుంపులోంచి ఒక అడుగు బయటకు వేసి, ఒంటరిగా ఉన్నవాడి పక్కన నిలబడడం.

పిల్లల్ని ఎంత అడగవచ్చు?

ఇక అసలు చిక్కు. ఎదురు నిలబడ్డ పిల్ల మీదకే రేపు ఆ వెక్కిరింపు తిరగవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లను ఆ ప్రమాదంలోకి తోసే హక్కు మనకెక్కడిది?

ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది ఏదీ నేరం కాదని మన శిక్షాస్మృతి చెబుతుంది. ఏడు నుంచి పన్నెండు మధ్య వయసు పిల్లలకు తాము చేస్తున్నదేమిటో, దాని ఫలితమేమిటో తెలిసేంత పరిణతి లేకపోతే అదీ నేరం కాదు. పాత ఐపీసీలోనూ, 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఇదే మాట ఉంది. ఆ వయసులో తెలివిడి మెల్లగా పెరుగుతుందన్న లోకజ్ఞానమే ఇందులో ఉంది. కాబట్టి మనం అడిగేది కూడా మెట్లు మెట్లుగా ఉండాలి.

మొదటి మెట్టు: పంపకపోవడం, నవ్వు బొమ్మ పెట్టకపోవడం. ఇది ప్రతి పిల్లనూ అడగవచ్చు. ఇందులో ప్రమాదం లేదు.

రెండో మెట్టు: దెబ్బతిన్నవాడి పక్కన కూర్చోవడం. మధ్యాహ్న భోజనంలో కంచం పట్టుకుని వాడి దగ్గరకు పోవడం, "అది నాకు నచ్చలేదు" అని వాడికొక్కడికే చెప్పడం. ఇందుకు పెద్ద ధైర్యం అక్కర్లేదు, కాస్త మనసు చాలు.

మూడో మెట్టు: నమ్మిన పెద్దవాళ్లకు చెప్పడం. చాడీ చెప్పడానికీ సాయం అడగడానికీ తేడా ముందే నేర్పాలి. ఒకడిని ఇరికించాలని చెప్పేది చాడీ. ఒకడిని కాపాడాలని చెప్పేది సాయం.

నాలుగో మెట్టు: అందరి ముందూ "ఇది తీసెయ్" అనడం. ఇది చేసిన పిల్లను మెచ్చుకుందాం. చేయని పిల్లను తప్పు పట్టవద్దు.

ఈ మెట్లన్నిటికీ కింద పునాది ఒకటి ఉంది, అది పిల్లలది కాదు, మనది. చెప్పిన పిల్లను "నువ్వు ఫోనెందుకు చూశావ్?" అని కొడితే, ఆ తరగతిలో మరో పిల్ల నోరు విప్పదు. పేరు బయటపెడితే అంతే. వార్డెన్ నవ్వి వదిలేస్తే అంతే. సారే క్లాసులో యాసను వెక్కిరిస్తే ఇక ఏ పాఠమూ పనిచేయదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. పిల్లల్లో ధైర్యం పెద్దల మాట మీద తీసుకున్న అప్పు లాంటిది. వెనుక మనం నిలబడతామన్న హామీ లేకుండా వాళ్లను ముందుకు పొమ్మనడం అన్యాయం.

తరగతిలో ఏం చేయవచ్చు

దీనికి కంప్యూటర్ గది అక్కర్లేదు. మోదుగాకు విస్తరి ఒకటి చింపించి, మళ్లీ పుల్లలతో కుట్టమనండి. కుడతారు. అందులో పులుసు పోయమనండి. ఎక్కడ చిరిగిందో అక్కడే కారుతుంది. 'సారీ' తర్వాత కూడా మిగిలేదేమిటో ఉపన్యాసం లేకుండా తెలుస్తుంది.

నాటిక వేయించండి. అన్నవాడు, నవ్వినవాడు, పంపినవాడు, చూసినవాడు, పక్కన నిలిచినవాడు అని పాత్రలు పెట్టండి, పాత్రలు మార్చి మార్చి ఆడించండి. అయితే రెండు జాగ్రత్తలు. తరగతిలో నిజంగా దెబ్బతిన్న పిల్లకు ఆ వేషం ఇవ్వవద్దు. నిజమైన తిట్టు వాడవద్దు, 'సొరకాయ' అనో మరొకటో ఉత్తుత్తి మాట పెట్టండి.

"నేను పంపను", "ఇది నాకు నచ్చలేదు", "సారుకు చెబుదాం రా" లాంటి చిన్న వాక్యాలను బిగ్గరగా పలికించండి. తెలుగులోనూ, ఇంట్లో మాట్లాడే భాషలోనూ. భయం వేసినప్పుడు నోటికి వచ్చేది ముందే అలవాటైన మాటే.

కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటావో ఐదు వేళ్ల మీద ఐదుగురు పెద్దల పేర్లు చెప్పమనండి. ఎవరి చేతికైనా రెండు వేళ్లు ఖాళీగా మిగిలితే, ఆ పిల్లను మీరు ఇక మీదట గమనించాలి. పిల్లల సహాయ నంబరు 1098ను బడి గోడ మీద పెద్దగా రాయించండి. వెక్కిరింపు సందేశాన్ని కంగారులో చెరిపేయకుండా ముందు పెద్దవాళ్లకు చూపించమనండి. అసభ్యమైన ఫొటో అయితే మాత్రం దాన్ని దాచుకోకుండా, ఎవరికీ పంపకుండా, ఫోనునే పెద్దల చేతిలో పెట్టమనండి.

పెట్టినవాడి సంగతి కూడా ఉంది. వాడూ పిల్లవాడే. వాడిని అందరి ముందూ నిలబెట్టి 'దొంగ' అని ముద్ర వేస్తే, పుట్టుకతోనే ముద్ర పడినవాళ్ల వారసులం మనం చేయకూడని పనే చేసినట్టు. మన పంచాయితీల్లో తప్పు కట్టించాక కలిపి కూర్చోబెట్టే పద్ధతి ఉంది. పిల్లవాడికి తగిన తప్పు ఏమిటి? ఎక్కడెక్కడికి పంపాడో అక్కడల్లా తీయించడం, తీయమని తానే అడగడం, దెబ్బతిన్న పిల్ల ఒప్పుకుంటేనే ఆమెతో మాట్లాడడం. ఆమెకు క్షమించాలని లేకపోతే బలవంతం వద్దు.

పెద్దవాళ్లు, బయటివాళ్లు మన జాతుల్ని ఫోనుల్లో కించపరిస్తే అది పిల్లలు మోయాల్సిన బరువు కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అందుకే ఉంది. ఇంటర్నెట్‌లో చేసిన అవమానం కూడా ఆ చట్టం కిందికి వస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ పోరాటం మనది.

యువ మిత్రులకు ఒక మాట

ప్రాథమిక పాఠశాల పిల్లలు ఫోను చూసేది మీ చేతుల్లోనే. మీ స్టేటస్ వాళ్లకు వాచకం. పక్క ఊరివాడినో, పక్క తెగవాడినో, ఒక ఆడపిల్లనో వెక్కిరించే రీల్ చూసి మీరు నవ్వితే, మీ భుజం మీదుగా తొంగి చూస్తున్న తమ్ముడు నవ్వడం నేర్చుకుంటాడు. మీరు "ఇదేం బాగోలేదు" అని పక్కకు తోసేస్తే అదీ నేర్చుకుంటాడు. బడిలో మేం నెల రోజులు చెప్పే పాఠాన్ని మీరు ఒక్క సాయంత్రం నిలబెట్టగలరు, కూలదోయగలరు.

ఇంత చేసినా ప్రతిసారీ గెలుస్తామని కాదు. ఎదురు నిలబడ్డ పిల్ల కొన్నిసార్లు ఓడిపోతుంది. స్నేహితులు మాట్లాడడం మానేస్తారు. ఆ రోజు ఆమెకు "మంచి పని చేశావ్" అన్న మెప్పు ఒక్కటే చాలదు. సారు ఆమె పక్కన ఉండాలి, అమ్మానాన్నలకు కబురు వెళ్లాలి, ఊరి పెద్దలకు తెలియాలి. ఆమె ఒక్క మాట అన్నందుకు ఒంటరిదైతే, ఆ మాట అనమని నేర్పిన మనం బాకీ పడ్డట్టే. ఆ బాకీ తీర్చడానికి సిద్ధపడ్డ తర్వాతే ఈ పాఠం మొదలుపెడదాం.